వారానికి అర సీసా తక్కువ

జూన్ 9, సోమవారం

లావణ్యకు ఐదో నెల నడుస్తోంది. నాకు ఇవాళ తెలిసింది. ఆశ కార్యకర్తగా చేరి పదకొండేళ్లు. మా ఇంటి నుంచి ఆమె ఇంటికి నాలుగు గుమ్మాల దూరం. ఆమె దాచిందనుకోవాలో, నేను చూడలేదనుకోవాలో.

కార్డు లేదు, స్కానింగ్ లేదు, ఒక్క సూది వేయించుకోలేదు. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది, ఆ చాటే పొట్టకు అడ్డం. ఎందుకు చెప్పలేదంటే తల ఎత్తలేదు. ఆమె తల్లి దుర్గవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. "ఏం చెప్పుమంటవ్ బిడ్డా. మొదటిది మూడో నెలల్నే పాయె. ఇదన్న నిలుస్తదో లేదో అని ఊకున్నం" అన్నది.

కారణం అది కాదు. గదంతా కల్లు వాసన. దుర్గవ్వ తాగుతుందని కోరుట్లలో ఈ గల్లీకంతా తెలుసు. కానీ చాట వెనక సీసా లావణ్య చేతికి అందేటంత దగ్గర ఉంది.

జూన్ 11

దుర్గవ్వ కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి పోయిన సమయం చూసి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి అడిగాను.

"దినానికి ఎన్ని?"

"ఆరు సీసాలు."

"ఎప్పటి సంది?"

"ఎరుక లేదక్కా. చిన్నప్పుడు మా అవ్వ బీడీలు చేసుకుంట నాకు రెండు గుక్కలు పోసి పండవెడుతుండె. ఏడుపు బంద్ చేస్తనని. గప్పటి సందే."

మానాలని చూడలేదా అన్నాను. నవ్వింది. "సూడకేంది! కడుపు నిలిచిందని తెలిసినంక రెండు దినాలు ముట్టలే. చేతులు ఒక్కటే వణుకుడు. బీడీ చుడితే ఊడిపోతాంది. గోడ మీద పురుగులు పాకినట్టు కొట్టింది. రెండో దినం కింద పడి కొట్టుకున్ననట. మా అవ్వ నోట్లె కల్లు పోస్తె లేచిన." నాలుక చాపి చూపించింది. పక్కన కొరుక్కున్న మచ్చ ఇంకా ఉంది.

దుకాణంలో కల్లులో మత్తు మందు కలుపుతారు. చెట్టు కల్లు అయితే ఇట్లా పట్టుకోదు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

"దవాఖానకు పోతే తిడతరక్కా. మొదటిది పోయినప్పుడు ఒక నర్సమ్మ అందరి ముంగట అన్నది, తాగుబోతుదానికి పిల్లలెందుకని. గందుకే నీకు సుత చెప్పలే."

నేను తిట్టనని చెప్పాను. ఎవరికీ చెప్పనని కూడా చెప్పాను.

జూన్ 17, మంగళవారం

లావణ్యను జగిత్యాల తీసుకుపోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది, దారి పొడుగునా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. వాసన వస్తుందని.

డాక్టరమ్మ చిన్న వయసే. తిట్టలేదు. అన్నీ విని ఆమెతో ఇలా అంది: "ఎవరు చెప్పినా సరే, ఒక్కసారిగా మానకు. మానితే ఫిట్స్ వస్తాయి. నీకూ ప్రమాదం, కడుపులో బిడ్డకూ ప్రమాదం." తాగవద్దని కాకుండా మానవద్దని ఒక డాక్టరు చెప్పడం లావణ్యకు అర్థం కాలేదు. నా ముఖం చూసింది.

దవాఖానలో చేరమన్నారు. లావణ్య ఒప్పుకోలేదు. తల్లి ఒక్కతే ఉంటుంది, భర్త బాలరాజు సిరిసిల్లలో సాంచాల మీద, మరమగ్గాల మీద, పని చేస్తాడు, నెలకోసారి వస్తాడు. బీడీలు ఆగితే కార్ఖానాలో పేరు తీసేస్తారు. చివరికి డాక్టరమ్మ గోళీలు రాసి, ఒక దారి చెప్పింది. వారానికి అర సీసా చొప్పున తగ్గించాలి. కొలత తాగే మనిషి చేతిలో ఉండకూడదు, ఇంకొకరు కొలిచి ఇవ్వాలి. రెండు వారాలకోసారి తీసుకురావాలి.

వస్తుంటే నన్ను వెనక్కి పిలిచింది. "రాధికా, ఏ కారణం చేతనైనా కల్లు దొరక్కపోతే, ఆ రోజే ఇక్కడికి తీసుకురండి. మరుసటి రోజు దాకా ఆగొద్దు."

సరే మేడం అన్నాను.

జూన్ 18

ఎవరు కొలుస్తారు? దుర్గవ్వ చేతికి ఇస్తే ఆమే తాగేస్తుంది. మా ఇంట్లో పెడదామంటే మా ఆయన సుదర్శన్ ఒప్పుకోలేదు. "ఆటో నడుపుకుంట బతికెటోన్ని. నా ఇంట్ల కల్లు సీసాలేంది? నీ నౌకరి పోతది సూడు" అన్నాడు.

గల్లీ చివర మహమూదా బేగం బట్టలు కుడుతుంది, పిన్ని వరస కలిపి ఖాలా అంటాను. ఆమె దగ్గర కూర్చుని ఊరికే చెప్పుకున్నాను, అడగాలని కాదు. ఆమె మిషన్ ఆపింది.

"ఇటు తే బేటీ. నేను కొలుస్త."

"ఖాలా, మీ ఇంట్ల కల్లా?"

"మా ఇంట్ల కల్లు రావద్దు, నిజమే. గని గిది దవా అని డాక్టర్ చెప్పింది గద. జవాబ్ నేను చెప్పుకుంట అల్లాకు. నువ్వు చెప్పేదేముంది?"

సాయంత్రానికి ఆమె కొడుకు మునావర్‌కు తెలిసింది. తల్లితో మాట్లాడటం మానేశాడట.

జూన్ 26

ఐదు సీసాలు. పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, పొద్దుగూకాక రెండు. నేను దుకాణం నుంచి తెచ్చి ఖాలా ఇంట్లో పెడతాను. ఆమె స్టీలు గ్లాసుతో కొలిచి పోస్తుంది. లావణ్య అక్కడే కూర్చుని తాగి పోతుంది. మొదటి నాలుగు రోజులు ఏడ్చింది, బతిమాలింది, ఖాలాను నానా మాటలు అన్నది. ఖాలా బట్ట కుడుతూనే ఉంది.

చేతులు వణికి బీడీలు తక్కువ అవుతున్నాయి. పక్కింటి నర్సన్న భార్య, ఎదురింటి ఇద్దరు అక్కచెల్లెళ్లు తలా వంద బీడీలు చుట్టి లావణ్య చాటలో వేస్తున్నారు. నేను అడగలేదు. వాళ్లే చేస్తున్నారు.

జూలై 1

జగిత్యాలలో స్కానింగ్ అయింది. ఆడో మగో చెప్పరు. గుండె బాగా కొట్టుకుంటోందని మాత్రం చెప్పారు. లావణ్య వచ్చేటప్పుడు బస్సులో కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. నిన్న పంపిన నెల రిపోర్టులో మత్తు అలవాటు ఉన్నవారు అన్న చోట ఒకటి పెట్టాను, పేరు రాయలేదు.

జూలై 10

నాలుగు సీసాలు. ముఖంలో ఉబ్బు తగ్గింది. ఖాలా దగ్గర గుండీలు కుట్టడం నేర్చుకుంటోంది. "కాన్పు అయినంక బీడీలు బంద్ చేస్తక్కా, మిషన్ నేర్చుకుంట" అన్నది. కాన్పు అక్టోబరు చివర. సెప్టెంబరు దాటేసరికి సీసా ఉండదు. వేళ్ల మీద లెక్కపెట్టి చూశాను, సరిపోతుంది.

జూలై 12

అంగన్‌వాడీలో గర్భిణులకు భోజనం పెడతారు. లావణ్యను నేనే రమ్మన్నాను. ఆమె కూర్చోగానే పక్కనున్న ఇద్దరు పళ్లేలు తీసుకుని అవతలికి జరిగారు. ఒకామె, "గా వాసనకు నాకు వాంతికి వస్తాంది టీచర్, ఆమెకు ఇంటికి ఇచ్చి పంపుండ్రి" అన్నది. లావణ్య గుడ్డు పగలగొట్టింది గానీ తినలేదు. లేచిపోయింది.

తిన్నగా దుకాణానికి పోయి మూడు సీసాలు తాగిందట.

జూలై 13

వెళ్లాను. తలుపు తీయలేదు.

జూలై 16

ఖాలా వెళ్లి తీసుకొచ్చింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. మళ్లీ నాలుగు దగ్గర నిలబెట్టాం. ఈ వారం తగ్గించవద్దని, వచ్చే వారం కూడా చూసుకుని మొదలుపెట్టమని ఫోన్లో డాక్టరమ్మ చెప్పింది. "పడటం మామూలే, మీరు వదిలెయ్యకండి" అంది.

జూలై 20, ఆదివారం

మహిళా సంఘం అధ్యక్షురాలు లచ్చవ్వ ఇంటికి పిలిపించింది. నలుగురైదుగురు ఉన్నారు.

"ఏమే రాధికా, గవర్నమెంటు చీర కట్టుకోని కల్లు సీసాలు మోస్తున్నవట?"

డాక్టరు చెప్పిన సంగతి చెప్పాను. వారానికి అర సీసా అని చెప్పాను. వినలేదు.

"ఏ డాక్టరన్న తాగుమంటడా? నువ్వే తాపి నువ్వే మందిస్తవా? సీసాలు పట్టుకోని వస్తుంటె ఫోటో తీసిండ్రు. మీ పెద్ద మేడంకు పంపుమంటవా?" అంటూ ఫోన్ చూపించింది. నేనే. చేతిలో ఆశ సంచి, సంచిలోంచి రెండు సీసాల మూతులు బయటికి.

ఇంటికొచ్చి అన్నం వండాను. సుదర్శన్ ఏమైందని అడిగితే ఏం లేదన్నాను.

జూలై 21

ఈ రోజు సీసాలు తేలేదు. దుర్గవ్వను పంపాను. ఒకటి దారిలోనే తాగేసింది.

జూలై 30

మూడున్నర. బిడ్డ తన్నుతోందని లావణ్య నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. కుడి పక్కన, రెండుసార్లు. నాలుగేళ్లుగా ఏ గర్భిణి పొట్ట మీదా ఊరికే చెయ్యి పెట్టి కూర్చోలేదు. రాసుకోవడం, గోళీలివ్వడం, పోవడం. కాసేపు అట్లాగే ఉన్నాను.

ఆగస్టు 2

సంఘం మీటింగుకు పోయాను. వాన. ఇంకేం లేదు.

ఆగస్టు 6

మూడు సీసాలకు వచ్చాం. ఖాలా బెల్లం పొంగలి చేసి ఇచ్చింది లావణ్యకు. మునావర్ తల్లితో మాట్లాడుతున్నాడు, కల్లు సీసాలున్న గదివైపు మాత్రం చూడడు.

ఆగస్టు 7, గురువారం

ఎక్సైజ్ వాళ్లు రెండు జీపుల్లో వచ్చి కల్లు దుకాణానికి సీలు వేశారు. చుట్టుపక్కల ఇంకో మూడు కూడా మూసేశారట. సంఘం వాళ్లు ఎవరో అర్జీ ఇచ్చారట.

మంచిదే. గల్లీలో ఎంతమంది పాడైపోయారు ఆ దుకాణంతో. ఒకరి కోసం చూస్తే ఎట్లా? అందరి మంచికే కదా.

ఖాలా దగ్గర ఇవాళ్టి మూడు సీసాలు ఉన్నాయి. ఇచ్చేసింది.

ఆగస్టు 8, శుక్రవారం

సీసా లేదు. గోళీలు వేసుకుంది. పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నానికి చెమటలు.

జగిత్యాల పోదాం పద అన్నాను. గట్టిగా అనలేదేమో. "రేపు పోదాం అక్కా. ఇయ్యాల బీడీలు అప్పజెప్పకుంటె ఒప్పుకోరు" అన్నది. సరే అన్నాను. దుకాణం ఎందుకు మూతపడిందని డాక్టరమ్మ అడుగుతుంది. ఏం చెప్పాలి?

రేపు రాఖీ. పొద్దున్నే బీర్పూర్ పోయి తమ్ముడికి కట్టి, మధ్యాహ్నానికి వస్తాను. వచ్చి తీసుకుపోతాను. ఒక్క పూటే కదా. మూడుకు తగ్గింది కదా, ఆరు కాదు కదా.

ఆగస్టు 10, ఆదివారం. జగిత్యాల దవాఖాన

నిన్న తమ్ముడు సతీశ్ భోంచేసి పొమ్మన్నాడు. మరదలు చీర తీసి పెట్టింది. మాటల్లో మూడయింది. ఫోన్ సంచిలో ఉంది. బస్సెక్కాక చూస్తే ఖాలా దగ్గరి నుంచి తొమ్మిది ఫోన్లు.

చేస్తే ఎత్తింది. వెనక అంబులెన్స్ కూత వినిపిస్తోంది. "జగిత్యాల తీస్కపోతున్నం. ఫిట్స్ అచ్చినయి, మూడుసార్లు. నువ్వు యాడున్నవ్ రాధికా?" ఎప్పుడూ బేటీ అనకుండా నా పేరు పిలవలేదు ఆమె.

బీర్పూర్ బస్సు జగిత్యాలకే వస్తుంది. నేను దవాఖానకు చేరేసరికి ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. బయట దుర్గవ్వ నేల మీద కూర్చుని ఉంది, ఆమె చేతులూ వణుకుతున్నాయి. ఆమెకూ రెండు రోజుల నుంచి కల్లు లేదు. ఎవరూ ఆమె గురించి ఆలోచించలేదు, నేను కూడా.

ఖాలా జరిగింది చెప్పింది. పొద్దున తొమ్మిదికి మొదటిసారి. నా కోసం చూశారట. పదకొండుకు రెండోసారి. నాకు ఫోన్ మీద ఫోన్. ఆశమ్మ వస్తది, ఆమెకైతే దవాఖానలో తెలుసు అని దుర్గవ్వ పట్టుబట్టిందట. రెండుకు మూడోసారి వచ్చాక ఖాలాయే అంబులెన్స్ పిలిచింది.

ఆడపిల్ల. పదకొండు వందల గ్రాములు. గాజు పెట్టెలో పెట్టారు. లావణ్యకు తెలివి రాలేదు.

డాక్టరమ్మ వచ్చింది. "శుక్రవారమే తీసుకురావలసింది కదా రాధికా" అంది. అంతే. ఆ ఒక్క మాటే.

ఆగస్టు 11

లావణ్యకు తెలివొచ్చింది. మంచానికి చేతులు కట్టారు, సూదులు పీకేస్తోందని. గోడ వైపు చూసి ఎవరినో తిడుతోంది. పిల్లను చూస్తావా అంటే ఏ పిల్ల అన్నది.

పెట్టె దగ్గరికి నన్ను ఒకసారి పోనిచ్చారు. వేళ్లన్నీ ఉన్నాయి. గోళ్లు కూడా.

ఆగస్టు 12, మంగళవారం

పొద్దున నాలుగింటికి పిల్ల పోయింది.

ఆగస్టు 13

కోరుట్ల తెచ్చి వాగు పక్కన పెట్టాం. లావణ్య రాలేదు, దవాఖానలోనే ఉంది. బాలరాజు సిరిసిల్ల నుంచి వచ్చాడు, గుంట తవ్వాడు. ఖాలా తెల్లగుడ్డ కుట్టుకొచ్చింది. ఆ గుడ్డలో చుట్టాక కూడా అరచేతులు రెండు చాలాయి.

సంఘం నుంచి లచ్చవ్వ వచ్చి దూరంగా నిలబడింది. "తాగి తాగి గా పిల్లను సంపుకున్నది" అని పక్కామెతో అన్నది. నాకు వినిపించేటట్టే అన్నది.

వస్తుంటే దారిలో ఖాలా అడిగింది. "పేపర్ల ఫోటో అచ్చింది. సంఘం ఆడోళ్లది. రెండో లైన్ల నువ్వున్నవ్. దస్తఖత్ పెట్టినవా?"

"అందరు పెట్టిండ్రు ఖాలా."

ఆమె గల్లీ మలుపు దగ్గర నుంచి నా కంటే ముందు నడిచింది.

ఆగస్టు 14

ఈ పుస్తకం ఎవరూ చూడరు. ఇందులో కూడా రాయకపోతే ఎట్లా?

ఆగస్టు రెండున సంఘం మీటింగులో అర్జీ తిప్పారు. లచ్చవ్వ ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంది, ఆ ఫోటో ఉన్న ఫోన్. కాగితం నా దగ్గరికి వచ్చింది. "ఆశ పెడితే బలం ఉంటది" అన్నది. అప్పుడు నాకు డాక్టరమ్మ మాట గుర్తుంది. మరిచిపోలేదు. లావణ్య ఆ రోజు మూడున్నర సీసాల మీద ఉందని కూడా గుర్తుంది. రెండు నెలలు ఆగి ఇవ్వండి అని ఒక్క మాట అనొచ్చు. అన్నానా? లేదు. నౌకరి పోతుందని పెట్టాను. పదకొండో పేరు నాది. ఎం. రాధిక, ఆశ కార్యకర్త.

అందరి మంచికే అని రాసుకున్నాను ఏడో తారీఖున. చదివాను ఇప్పుడు.

ఆగస్టు 26

కల్లు దుకాణం మళ్లీ తెరిచారు. పేరు మారింది. సీసాలు అవే. మూసి ఉన్నది పంతొమ్మిది రోజులు.

పొద్దున్నే వరసలో దుర్గవ్వ నిలబడి ఉంది. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు. నేనే తిప్పుకున్నాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

బాలరాజు వచ్చి లావణ్యను సిరిసిల్ల తీసుకుపోయాడు. దవాఖాన నుంచి వచ్చాక ఆమె కల్లు ముట్టలేదు. కొన్ని రోజులు అట్లాగే ఉంది. దుకాణం తెరిచిన రోజున మొదలుపెట్టింది. ఈసారి కొలిచి ఇస్తానని ఖాలా పోతే, "ఇగ ఎవలి కోసం కొలుస్తవ్ బేగమమ్మా?" అన్నదట.

ఆటో ఎక్కేటప్పుడు నేను పోయి నిలబడ్డాను. "పోయొస్త అక్కా. నువ్వు మస్తు చేసినవ్ నా కోసం" అన్నది. నా చెయ్యి పట్టుకుని అన్నది.

సెప్టెంబర్ 23

బతుకమ్మ ఆడటానికి పోలేదు. తలనొప్పి అన్నాను.

అక్టోబర్ 12, ఆదివారం

సిరిసిల్ల పోయాను. వేములవాడలో బస్సు మారాను. సుదర్శన్‌తో ట్రైనింగ్ ఉందని చెప్పాను.

సాంచాల చప్పుడుకు వాళ్ల గల్లీలో మాట వినపడదు. లావణ్య చక్రం తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది. లావయింది, ఉబ్బు. సీసా పక్కనే ఉంది, చాటు ఏమీ లేదు. నన్ను చూసి నవ్వి చాప వేసింది. ఎన్ని తాగుతున్నావని అడిగాను. "లెక్క లేదు" అన్నది. జగిత్యాల డాక్టరమ్మ రమ్మంటోందని చెప్పాను. చక్రం తిప్పుతూనే ఉంది.

చెప్పాలనే పోయాను కాబట్టి చెప్పాను.

"లావణ్యా, దుకాణం మూయించిన అర్జీ మీద నేను సుత సంతకం పెట్టిన."

చక్రం ఆగింది. నా మాట సరిగ్గా వినపడిందో లేదో అనుకున్నాను. వినపడింది.

"డాక్టరమ్మ నీ ముంగటనే చెప్పింది గద, బంద్ చేస్తె ఫిట్స్ అస్తయని."

"చెప్పింది."

"ఎరుకుండి పెట్టినవా?"

"భయపడ్డ. నౌకరి పోతదని."

చాలాసేపు నన్నే చూసింది. కోపంగా కాదు. ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టాలన్నట్టు.

"నేను మా అవ్వను తిట్టినక్కా, బండికి లేటు చేసిందని. బేగమమ్మను తిట్టిన, ఒక్క సీసన్న దాయలేదని. నన్ను నేను తిట్టుకున్న. గీ నోటితోటే నా పిల్లను మింగిన అనుకున్న. మా ఆయన సుత గదే అంటడు, దినాం. రెండు నెలల సంది నేను గిట్లనే అనుకుంట బతుకుతున్న."

క్షమించమని అడగలేదు. బాలరాజుతో నేను చెప్తాను అన్నాను.

"ఏమద్దు. నువ్వు చెప్తె ఆడు మారతడా? పో అక్కా. మళ్ల బస్సు దొరకది."

గుమ్మం దాకా కూడా రాలేదు. వెనక చక్రం మళ్లీ తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

తిడుతుందని పోయాను. తిట్టించుకుని తేలికపడదామనే పోయానేమో.

అక్టోబర్ 14

ఖాలాకు చెప్పాను, సిరిసిల్ల పోయి అంతా ఒప్పుకున్నానని. ఆమె దారం ఎక్కిస్తూ అన్నది: "లావణ్య కోసం చెప్పినవో, నీ దిల్ హల్కా చేసుకుందమని చెప్పినవో. నాకు తెల్వదు రాధికా."

ఇప్పుడు ఎప్పుడూ రాధికా అనే అంటుంది.

నవంబర్ 3

దుర్గవ్వకు కూతురు ఫోన్లో సంతకం సంగతి చెప్పింది. దుర్గవ్వ గల్లీలో అందరికీ చెప్పింది. బోరింగు దగ్గర నిలబడి గట్టిగా చెప్పింది, తాగి ఉంది, కానీ జరగనిది ఒక్కటీ చెప్పలేదు. "తోడుంట అన్నది. ఎవ్వలికి చెప్ప అన్నది. సంతకం పెట్టి వచ్చి నా బిడ్డ పొట్ట మీద చెయ్యి పెట్టింది."

పొట్ట మీద చెయ్యి పెట్టింది మూడు రోజుల ముందు. సంతకం పెట్టింది ఆ తర్వాత. దుర్గవ్వకు ముందు వెనకలు గుర్తులేవు. సరిదిద్దడానికి నాకేం హక్కుంది?

నవంబర్ 19

రెండో గల్లీలో కొత్త కోడలు, నాలుగో నెల. అత్త తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. ఆ పిల్లకు ఇరవై రెండేళ్లు ఉంటాయి. కత్తెరతో బీడీ ఆకు కోస్తోంది, అంచు తిన్నగా రావడం లేదు, చెయ్యి ఆడుతోంది. వాసన నాకు గుమ్మం దగ్గరికే వచ్చింది.

"కల్లు అలవాటుందా అమ్మా?"

"నాకా? ఛీ. లేదక్కా."

"ఉంటే చెప్పు. జగిత్యాలల మంచి డాక్టరమ్మ ఉన్నది. తిట్టది. నేను ఎవ్వలికి చెప్ప."

ఆ పిల్ల అత్త వైపు చూసింది. అత్త నా వైపు చూసింది.

"లేదని చెప్పింది గద. రాసుకోని పో" అన్నది అత్త.

ఐరన్ గోళీలు ఇచ్చాను. ఒక్కసారిగా మాత్రం మానొద్దు అని చెప్పాలనుకున్నాను. తాగదన్న మనిషికి మానొద్దని ఎట్లా చెప్పాలి?

నవంబర్ 22

మళ్లీ పోయాను. తాళం. లోపల మాటలు వినిపిస్తున్నాయి, వెనక తలుపు నుంచి పోతున్నారు.

నవంబర్ 25

ఖాలాను పోయి ఆ పిల్లతో మాట్లాడమని బతిమాలాను. "నీ పేరు మీద నేను పోతె, నన్ను సుత నమ్మరు" అన్నది.

నవంబర్ 29, శనివారం

నెల రిపోర్టు పంపాను. మా వార్డులో గర్భిణులు తొమ్మిది మంది. ఒక్కొక్కరి ఇంటికి పోయి అడిగాను. తొమ్మిది మందీ లేదన్నారు. మత్తు అలవాటు ఉన్నవారు అన్న చోట సున్నా పెట్టాను.

సాయంత్రం పెద్ద మేడం ఫోన్ చేసింది. "జూన్‌లో ఒకరున్నారు, ఇప్పుడు ఒక్కరూ లేరు. మీ వార్డులో మంచి మార్పు వచ్చింది రాధికా. మిగతా వాళ్లకు కూడా ఎట్లా చేశావో చెప్పాలి నువ్వు" అంది.

సరే మేడం అన్నాను.